చీటీ మీద పేరు

ఆ హాల్లో పనిచేసే ఆడవాళ్ళెవరూ పారాచూట్‌ని పారాచూట్ అనరు. గొడుగు అంటారు. "ఇవాళ ఎన్ని గొడుగులు మడిచావే?" అని ఒకత్తి అడిగితే, "నడుం విరిగేన్ని" అని ఇంకొకత్తి జవాబు. పొద్దున్న ఏడింటి నించి సాయంత్రం నాలుగున్నర దాకా అదే పని. హాలు మొత్తానికి నాలుగే బల్లలు. ఒక్కోటి పదిహేను గజాల పొడుగు, చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నన. తెల్లటి పట్టుని వాటి మీద పరిచి, మడత మీద మడత పెట్టి, అవి కదలకుండా చిన్న చిన్న ఇసక సంచులు బరువు పెట్టి, ఇరవై నాలుగు తాళ్ళూ చిక్కు పడకుండా సర్ది, మొత్తం సంచిలోకి దూర్చి ఎర్ర దారంతో కుట్టేస్తారు. ఆఖర్న ఇసక సంచులు లెక్క చూసుకుంటారు. ఒక్కటి తగ్గిందంటే అది గొడుగులో ఉండిపోయినట్టే. మడిచిందంతా మళ్ళీ విప్పాల్సిందే.

యుద్ధం మూడో ఏడు నడుస్తోంది. హాలు పక్కన విమానాల మైదానం, మైదానం దాటితే సముద్రం. నౌకాదళం విమానాలు పొద్దున్నే సముద్రం మీదకి గస్తీకి పోయి సాయంత్రం అయిదు ప్రాంతంలో తిరిగొస్తాయి. పోయినవన్నీ వస్తే ఆ రోజు మంచి రోజు.

ఈ మడత పనిలో ఒక ఆనవాయితీ ఉంది. గొడుగు మడిచినామె ఒక చీటీ మీద తన పేరు రాసి, సంచి పైనున్న చిన్న జేబులో పెట్టి, జేబు మూతిని రెండు కుట్లతో మూసేస్తుంది. ఏ పైలటైనా ఆ గొడుగుతో దూకి బతికి బయటపడ్డాడనుకోండి, ఆ చీటీ వెనకవైపు దిగిన తేదీ రాసి, తనే స్వయంగా వచ్చి, మడిచినామె చేతిలో పెట్టాలి. చేతి నించి చేతికే. బల్ల మీద పడేసి పోకూడదు, ఇంకొకళ్ళతో పంపకూడదు. ఆమె దాన్ని రెండు ముక్కలు చేస్తే అప్పుడు అతను దిగినట్టు. అందాకా మనిషి ఆస్పత్రి మంచం మీదున్నా సరే, హాలు లెక్కలో ఇంకా గాల్లోనే ఉన్నాడని అర్థం. నవ్వులాటకి మొదలైన ఆనవాయితీయే. కానీ కాళ్ళు విరిగిన పైలట్లు కూడా కర్రల సాయంతో కుంటుకుంటూ చీటీ పట్టుకొచ్చేవారు. అలాంటి విషయాల్లో కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

హాలుకి పెద్ద దిక్కు అక్క. నిజానికి ఆవిడ ఒక్క చెల్లెలికే అక్క, కానీ హాలంతా అలాగే పిలిచేది, సూపర్‌వైజరమ్మతో సహా. ముప్ఫై రెండేళ్ళు. మెళ్ళో నల్ల నాడాకి వేలాడే కత్తెర, నోట్లో అంతకన్నా పదునైన నాలిక. తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి కాబట్టి హాలు పైనున్న గది ఆవిడకే ఇచ్చారు. బయట నించి పదమూడు చెక్క మెట్లెక్కి వెళ్ళాలి. ఆ గదిలో అక్కా, చెల్లెలూ ఉంటారు. తల్లి పోయేనాటికి చెల్లెలు నాలుగేళ్ళ పిల్ల. అప్పట్నించి అక్కే తినిపించింది, అక్కే తల దువ్వింది, పెద్దయ్యాక ఈ పనిలో చేర్పించి మడత కూడా అక్కే నేర్పింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "ముందు దీన్నొక దారికి తేనివ్వండి" అనేది. అనీ అనీ తన వయసు దాటించుకుంది.

అలాంటి అక్క మనసులోకి ఒక పైలటు దూరాడు. అందరూ అతన్ని పొడుగాయన అనేవారు. ఏ గుమ్మంలోకైనా తల వంచుకునే రావాలి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు. పదమూడు మెట్లు కదా, ఆరుసార్లు రెండేసి ఎక్కేసరికి ఆఖర్న ఒకటి మిగిలిపోయేది. ధన్ ధన్ మని ఆరు పెద్ద అడుగులు, చివర టక్కుమని ఒక చిన్నది. తలుపు తియ్యకుండానే తెలిసిపోయేది, వచ్చిందెవరో.

మొదటి ఏడాది అతను తాళాల వంకతో వచ్చినా, టీ వంకతో వచ్చినా, వచ్చేది తన కోసమే అనుకుంది అక్క. అనుకోవడంలో తప్పేముంది? ఒకసారి ఆవిడ మడిచిన గొడుగుని చేత్తో ఎత్తి చూసి, "మీ మడత చూస్తే ఊరికే దూకెయ్యాలనిపిస్తుందండీ" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆవిడ ఏడాది బతికింది. తరవాత చెల్లెలు హాల్లో చేరింది. పొడుగాయన మెట్లెక్కడం మానలేదు గానీ, పైకొచ్చాక చూసే వైపు మారింది. ఆర్నెల్లకి, "యుద్ధం అయిపోగానే మీ చెల్లెల్ని చేసుకుంటానండీ, మీరు కాదనకూడదు" అన్నాడు.

అక్క కాదనలేదు. "నా బంగారుకొండ ఎంత అదృష్టవంతురాలో!" అని చెల్లెలి బుగ్గలు పుణికింది. పుణికిన చేత్తోనే గిల్లెయ్యాలనిపించింది.

ఆ రోజు నించి అతని గొడుగు చెల్లెలే మడిచేది. సూపర్‌వైజరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. మడిచినప్పుడల్లా కొత్త చీటీ, దాని మీద చెల్లెలి గుండ్రటి అక్షరాలు. అది వీపుకి కట్టుకుని అతను ఆకాశంలో తిరిగేవాడు. అక్కకి రాత్రిళ్ళు కళ్ళు మూతపడేవి కావు. 'నేర్పింది నేను. ఆ చేతులకి పని వచ్చిందంటే నా వల్ల. పేరు మాత్రం దానిదా?'

ఒక మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళినప్పుడు అక్క ఆ పని చేసింది. గొడుగు జోలికి పోలేదు, అది ఒప్పుకోవాలి. ఎర్ర దారం ముట్టుకోలేదు. జేబు మూతి కుట్లు రెండూ కత్తెరతో పుటుక్కున తెంపి, చెల్లెలి చీటీ బయటికి తీసి, తన పేరు రాసిన చీటీ లోపల పెట్టి, మళ్ళీ రెండు కుట్లు వేసింది. చెల్లెలి చీటీని పైకి తీసుకెళ్ళి టీ పొయ్యిలో పడేసింది. అది నల్లగా ముడుచుకుని బూడిదయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది. అంతకుమించి ఆవిడకేం అక్కర్లేదు. ఒక్కసారి, ఒక్క రోజు, అతని వీపు మీద తన పేరుండాలి. ఎవరికీ తెలియకపోయినా పర్లేదు.

మర్నాడు నాలుగు విమానాలు పోయాయి. మూడొచ్చాయి.

పొడుగాయనతో జోడీగా ఎగిరే పైలటు మైదానంలోనే కూలబడి చెప్పాడు. ఇంజను అంటుకుందిట. పొడుగాయన దూకాడుట. "గొడుగు విచ్చుకుంది. నా కళ్ళతో చూశాను. తిన్నగా దిగుతున్నాడు, నాకు చెయ్యి కూడా ఊపాడు. కింద పొగమంచు. అందులోకి దిగిపోయాడు. వెంటనే నేనూ మంచు కిందకి దిగి వెతికాను. నీళ్ళ మీద ఏమీ లేదు. గొడుగు లేదు, మనిషి లేడు. దిగినవాడు ఎటు పోతాడు చెప్పండి?" అని అందరి మొహాలూ చూశాడు. పడవలు మూడు రోజులు వెతికాయి. నూలు పోగు కూడా దొరకలేదు. నౌకాదళం వాళ్ళు అతని పేరు పక్కన 'జాడ తెలియదు' అని రాసుకుని ఊరుకున్నారు.

చెల్లెలు ఏడవలేదు. "గొడుగు విచ్చుకుంది కదా" అంది. "నేను మడిచింది విచ్చుకుంది. నా చీటీ పట్టుకుని వస్తాడు, చూస్తూండు." రోజూ పని అవగానే మైదానం కంచె దగ్గరికెళ్ళి, తిరిగొచ్చే విమానాలు లెక్కపెట్టి, పూర్తిగా చీకటి పడ్డాక ఇంటికొచ్చేది. ఆ కాసేపూ పైన గదిలో అక్క ఒక్కత్తే.

నెల తిరక్కుండానే మొదలైంది.

శీతాకాలం. సాయంత్రం అయిదయ్యేసరికి బయట మసక. యుద్ధం రోజులు కాబట్టి దీపం వెలుగు బయటికి పోకుండా కిటికీకి నల్ల కాయితం అంటించారు. దాంతో గదిలో ఎప్పుడూ గుడ్డి వెలుతురే. అక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టుకుని, అవి మరిగే చప్పుడు వింటూ కూర్చుంది. దూరంగా విమానాల మోత ఒక్కొక్కటే ఆగిపోయింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు వినిపించింది.

ధన్... ధన్... ధన్... మొత్తం ఆరు. ఆఖర్న టక్కుమని ఒకటి.

అక్క చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. తలుపవతల ఎవరో నిలబడ్డారు. ఊపిరి చప్పుడు లేదు. నీళ్ళు కారే చప్పుడుంది. చెక్క మీద ఒక బొట్టు... కాసేపాగి ఇంకో బొట్టు... తలుపు సందులోంచి వాసనొచ్చింది. ఉప్పు, పెట్రోలు, తడిసిన ఉన్ని. ఆ తరవాత తలుపు కింద నించి తెల్లగా చీటీ మూల ఒకటి వేలెడంత లోపలికొచ్చి ఆగింది. అటువైపు నించి ఎవరో పట్టుకునే ఉన్నారు. వదిలిపెట్టలేదు. చేతి నించి చేతికే కదా మరి.

పై ప్రాణాలు పైనే పోయాయి అక్కకి. ఎంతసేపు గడిచిందో... చీటీ మెల్లిగా వెనక్కి జరిగింది. అడుగులు మెట్లు దిగిపోయాయి. ముందు చిన్నది ఒకటి, తరవాత పెద్దవి ఆరు.

తేరుకునేసరికి గంట పట్టింది. తేరుకున్నాక తెలిసింది, ఆ భయం అడుగున ఇంకేదో వెచ్చగా ఉందని. సంతోషం! నా దగ్గరికొచ్చాడు. దాని దగ్గరికి కాదు, నా దగ్గరికి. అది అక్కడ కంచె పట్టుకుని చలిలో కొయ్యబారిపోతోంది, అతను మాత్రం తిన్నగా నా గుమ్మంలోకొచ్చాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆ చీటీ అందుకుని రెండు ముక్కలు చేస్తే చాలు, అతను దిగినట్టే, ఇంక రావక్కర్లేదు. ఆ సంగతి అక్కకి తెలియదా? తెలుసు గనకే అందుకోలేదు. అందుకుంటే రేపు రాడు. పైగా ఆ చీటీ ఇంట్లో ఉండి, దాని మీద పేరు చెల్లెలి కంట పడితే? 'గొడుగు నేను మడిచాను, చీటీ నాది' అన్న ఒక్క ముక్క మీద ఆ పిల్ల ప్రాణం నిలబెట్టుకుని ఉంది. అది కూడా లాక్కున్న సంగతి తెలిస్తే ఆ పిల్ల ఇంక తన మొహం చూస్తుందా? చెల్లెలికి తెలియకూడదు, అతను రావడం మానకూడదు. అక్కకి కావలసినవి ఈ రెండే.

రోజూ అయిదు కొట్టేసరికి మొహం కడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నవ్వకండి. ముప్ఫై రెండేళ్ళకి మొదటిసారి ఆవిడ కోసం ఒక మనిషి వస్తున్నాడు. మనిషో, మరేమిటో.

కింద కూడా ఒక చిక్కొచ్చి పడింది. హాలుని ఆనుకుని గొడుగులు ఆరబెట్టే గది ఒకటుంది. గది అనడమే గానీ నాలుగంతస్తుల ఎత్తు, మధ్యలో అంతస్తులేవీ లేవు. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టాలి. గొడుగుల్ని గిలకల మీద పైకి లాగి, కప్పు దగ్గర కొక్కేలకి వేలాడదీసి ఆరబెడతారు. చెమ్మతో మడిస్తే పట్టు అంటుకుపోయి గొడుగు విచ్చుకోదు, అందుకని. రోజూ పొద్దున్న అక్క తాళం తీసేసరికి ఏడో కొక్కెం కింద నీళ్ళ మడుగు. ఏడో కొక్కేనికి ఎవరూ ఏదీ తగిలించలేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పన. ఎవరూ రాకముందే గుడ్డ పెట్టి తుడిచేసేది.

ఒకరోజు సూపర్‌వైజరమ్మ కంట పడనే పడింది.

"కప్పు కారుతోందా ఏంటక్కా? వాన కూడా లేదే."

"పాత కప్పు కదండీ. నేను చూసుకుంటా లెండి."

సూపర్‌వైజరమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి గొంతు తగ్గించింది. "ఈ మధ్య సాయంత్రమయ్యేసరికి తెగ తయారవుతున్నావుట. ఎవరైనా ఉన్నారా ఏంటి?"

"ఉంటే మీకు చెప్పకుండా ఉంటానా?" అంది అక్క. సిగ్గు కూడా పడింది, ఏం చెప్పమంటారు!

ఇలా నెల గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం నించే పొగమంచు పట్టుకుంది. చాపిన చెయ్యి కనపడనంత దట్టంగా ఉంది. విమానాలు లేవలేదు. లెక్కపెట్టడానికేమీ లేక చెల్లెలు పని అవగానే పైకొచ్చేసింది.

"ఈ వేళప్పుడు వచ్చావేంటే?"

"ఇంకెక్కడికి పోను?" చెల్లెలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మనిషి సగమైపోయింది. "నువ్వేంటి, ఎవరి కోసం ఈ ముస్తాబు?"

"నా తల నేను దువ్వుకోకూడదా?"

"దువ్వుకో తల్లీ. వద్దన్నానా?"

"అలా కిందకెళ్ళి కాసిని పాలు పట్రా. టీ పెడతాను."

"పాలున్నాయిగా గిన్నెలో."

"విరిగాయేమోనని..."

"ఉండక్కా." చెల్లెలు చెయ్యెత్తింది. "ఉండు. విను."

ధన్.

చెల్లెలి పెదాలు కదిలాయి. గొంతు రాకుండా లెక్కపెడుతోంది. రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... టక్కుమని ఆఖరిది.

"వచ్చాడు" అంది ఊపిరితో.

"చెక్కలే. చలికి బిగుసుకుని చప్పుడు చేస్తాయి. కూర్చో... నా మాట విను..."

ఎక్కడ వింటుంది! అక్క చెయ్యి విదిలించుకుని ఒక్క ఊపున తలుపు తీసింది. బయట మంచు తెల్లటి గోడ కట్టినట్టుంది. మెట్ల మీద ఎవరూ లేరు. చెల్లెలు గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపింది.

"నేనే. ఇలా ఇవ్వు..."

గుమ్మంలో ఒక తడి అడుగు పడింది. మనిషి లేడు. అడుగే. చెల్లెలి కాలి పక్కన, పెద్ద బూటు అడుగు. రెండోది లోపల. మూడోది ఇంకా లోపల... చెల్లెల్ని దాటేసి, బల్ల చుట్టూ తిరిగి, అక్క కూర్చున్న కుర్చీ ముందు రెండు అడుగులూ పక్కపక్కన ఆగాయి. అక్క మోకాలి మీద చల్లటి బొట్టు పడింది. ఇంకొకటి పడింది.

చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. అక్క మొహం పాలిపోయి ఉంది. కానీ పెదాల మీద, ఒక్క క్షణం పాటు, నవ్వుంది. చెల్లెలు ఆ నవ్వు చూసింది.

తడి అడుగులు ఆరిపోయాయి.

"నీ దగ్గరికెందుకొచ్చాడు?"

"నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఎటు పోతాడు మరి?"

"నన్ను దాటుకుని వచ్చాడక్కా. నా చెయ్యి చూసి కూడా దాటుకుని వచ్చాడు."

"నాకేం తెలుసే!"

"తెలుసు. నీకు ముందే తెలుసు. రోజూ వస్తున్నాడు. అందుకే తల దువ్వుకుని కూర్చుంటున్నావు."

చెల్లెలు అరవలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చూసింది, అంతే. ఆ చూపు అక్కకి బాగా తెలుసు. ఏడాదిగా అద్దంలో తను చూసుకుంటున్నది అదే.

మర్నాడు హాల్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహం. చెల్లెలు రెండుసార్లు ఇసక సంచుల లెక్క తప్పింది, మడిచినవి మొత్తం విప్పుకుంది. మంచు వదల్లేదు. నాలుగున్నరకి పైకొచ్చి, అక్క కన్నా ముందే ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ ఇక్కడ నేను కూర్చుంటా. నీ స్వెట్టరివ్వు. కత్తెర కూడా."

"అవెందుకే?"

"నీ దగ్గరికే కదా వస్తాడు? నువ్వే అనుకుంటాడు."

స్వెట్టరు తీసి ఇస్తూ అక్క లోపల్లోపల లెక్కలు వేసుకుంది. పోనీ, ఇదే మంచిది. దీపం వెలిగించకపోతే చీటీ మీద పేరు కనపడదు. ఆ చీకట్లోనే చెల్లెలు దాన్ని అందుకుని రెండు ముక్కలు చేస్తుంది. ముక్కలు తను పొయ్యిలో పడేస్తుంది. అతను దిగినట్టవుతుంది, చెల్లెలి మనసు కుదుటపడుతుంది, తన గుట్టు బయటపడదు. ఇంతకన్నా ఏం కావాలి?

"దీపం వద్దే" అంది అక్క. "వెలుగుంటే రాడేమో. చేతికి తగలగానే చింపెయ్యి." చెల్లెలి మంచం మీద మూలకి ఒదిగి కూర్చుంది. తలుపు తెరిచే ఉంచారు.

అయిదు దాటింది. పొయ్యి ఆర్పేశారు. చీకట్లో చెల్లెలి తల వెనక భాగం, మెళ్ళో నాడా మాత్రం లీలగా కనిపిస్తున్నాయి. అచ్చు తనలాగే ఉంది. మంచు వాసన గదిలోకి పాకింది. దానివెంట ఉప్పు... పెట్రోలు...

ధన్... ధన్... ధన్...

ధన్... ధన్... ధన్...

టక్.

తడి బూట్లు లోపలికొచ్చాయి. గది మధ్యలో ఆగాయి. ఒక బొట్టు పడింది. ఎటు పోవాలో తెలియనట్టు చాలాసేపు అక్కడే ఉన్నాయి.

"ఇటు..." చెల్లెలు గుసగుసలాడింది. "ఇక్కడున్నా. నేనే మడిచాను. రా."

ఒక అడుగు కుర్చీ వైపు పడింది.

అక్క పళ్ళు బిగబట్టింది. అయిపోతుంది. ఇప్పుడే అయిపోతుంది. నా కుర్చీ, నా స్వెట్టరు, నా కత్తెర... రెండో అడుగు... దానికిచ్చేసి పోతాడు. రేపు రాడు. ఎల్లుండి రాడు. బతికినప్పుడూ దానికే, చచ్చాక కూడా దానికేనా?

మూడో అడుగు...

"అబద్ధం!"

ఆ అరుపు తనదేనని అక్కకి వెంటనే తెలియలేదు. "అది కాదు! నేను! చీటీ మీదున్నది నా పేరు! దాని చీటీ తీసేసి నాది పెట్టాను, నా చేత్తో పెట్టాను! ఇటు చూడు... నా దగ్గరికి రా!"

బొట్లు పడటం ఆగిపోయింది.

చీకట్లో చెల్లెలి ఊపిరి ఒక్కసారి లోపలికెళ్ళింది. బయటికొచ్చిన చప్పుడు వినపడలేదు.

ఏదో చల్లగా అక్క చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, తడిసిన కాయితం అరచేతిలో పెట్టి, మళ్ళీ ఒక్కొక్కటే మూసింది. ఎంత మర్యాదగానో. ఆ తరవాత బూట్లు వెనక్కి తిరిగాయి. గుమ్మం దాటాయి. చిన్న అడుగు ఒకటి, పెద్దవి ఆరు.

వాటి వెనకే ఇంకెవరో దిగుతున్నారు. తేలిక పాదాలు, ఒక్కో మెట్టూ... గబగబా... అక్క తనకి తెలియకుండానే లెక్కపెట్టింది. పదమూడు.

దీపం వెలిగించేసరికి రెండు అగ్గిపుల్లలు విరిగాయి. కుర్చీ ఖాళీ. స్వెట్టరు మడిచి పెట్టి ఉంది, హాల్లో మడిచినంత పొందిగ్గా, పైన కత్తెరతో. ముట్టుకుంటే తడి.

అరచేతిలో చీటీ విప్పింది. తన పేరు. సిరా పాకి, అక్షరాలు ఉబ్బి, అయినా తన పేరే. వెనక్కి తిప్పింది. దిగిన తేదీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

"చెల్లీ!" అని అరుచుకుంటూ మెట్లు దిగింది. మంచులో దీపం జానెడు మేర కన్నా ఎక్కువ చూపించడం లేదు. నేల మీద బూటు అడుగులు, వాటి పక్కన చిన్న పాదాలు. జోడీగా నడుచుకుంటూ వెళ్ళి ఆరబెట్టే గది తలుపు దగ్గర ఆగిపోయాయి. తలుపుకి తాళం వేసే ఉంది. తాళంచెవి అక్క నడుముకే ఉంది.

తలుపు తీసింది.

ఏడో కొక్కేనికి గొడుగు వేలాడుతోంది. పైనెక్కడో చీకట్లో పట్టు నిండుగా విచ్చుకుని ఉంది. లోపల గాలన్నదే లేదు. తాళ్ళన్నీ బిగిసి ఉన్నాయి, నీళ్ళు ధారకడుతున్నాయి. కింద నేల మీద ఖాళీ సంచి పడి ఉంది. సంచి జేబు కుట్లు ఎవరో కత్తిరించారు. అందులోంచి చీటీ ఒకటి తొంగి చూస్తోంది.

అక్క దాన్ని బయటికి లాగింది. పొడిగా ఉంది. అంచులు కొంచెం నల్లగా కాలాయి. దాని మీద గుండ్రటి అక్షరాలు, చెల్లెలి పేరు. తను పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా నిలబడి చూసిన చీటీ. వెనక్కి తిప్పింది. పొడుగాయన వంకర రాతలో దిగిన తేదీ ఉంది.

దూకిన నాటిది కాదు, ఇవాళ్టి తేదీ.

ఆవిడ ఆ క్షణంలో చెల్లెల్ని కేకేసి ఉండాల్సింది. సూపర్‌వైజరమ్మని లేపి ఉండాల్సింది, మైదానంలోకి పరిగెత్తి ఉండాల్సింది. అవేవీ చెయ్యలేదు. దీపం కింద పెట్టి, ఆ తేదీని కళ్ళార్పకుండా చూసింది. దానికే రాశాడు, నాకు రాయలేదు, అనుకుంది. బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, చెల్లెలి పేరు మొదటి అక్షరం మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

పైన గిలక కిర్రుమంది.

"మళ్ళీనా, అక్కా?"

చెల్లెలి గొంతే. మెల్లిగా, కోపం లేకుండా, చాలా పైనించి వచ్చింది. అక్క తలెత్తింది. గొంతు మళ్ళీ వినిపించింది, అవే రెండు మాటలు, ఈసారి ఇంకొంచెం కిందనించి.